నిఘా నీడలో సందేశం: రహస్య సాధనాల ఎంపిక చరిత్ర

ప్రభుత్వానికో, బలవంతుడైన ప్రత్యర్థికో, సొంత ఇంట్లోని మనిషికో భయపడుతూ బతికేవారు తమ మాట మూడో చెవిన పడకుండా అవతలివారికి చేర్చేందుకు ఏ సాధనాన్ని నమ్ముకున్నారు, దానినే ఎందుకు నమ్ముకున్నారు అన్న ప్రశ్నను గూఢలిపి చరిత్ర గ్రంథాలు అంతగా పట్టించుకోలేదు. ఆ గ్రంథాల నిండా రాజులు, సేనాధిపతులు, రాయబారులు, గణితవేత్తలు ఉంటారు. నిషేధిత సంఘంలో పనిచేసే కార్యకర్త, సాక్ష్యాలు సేకరించే మానవ హక్కుల ఉద్యోగి, అనుమానం కింద నలిగే అల్పసంఖ్యాక వర్గస్థుడు, హింసించే భర్త కళ్లుగప్పి పుట్టింటికి కబురు పంపాలనుకునే ఇల్లాలు వాటిలో అరుదుగా తప్ప కనబడరు. అయితే గత నలభై ఏళ్లలో ఇటువంటివారు చేసుకున్న ఎంపికలను వరుసగా పరిశీలిస్తే, సాధనం విఫలమైన సందర్భాల్లో గూఢలిపిని శత్రువు విప్పగలిగినవి తక్కువేననీ, వాడుక కష్టమై జనం దానిని పక్కన పెట్టడం, నడుమ ఉన్న సంస్థ అధికారానికి లొంగడం, విప్పిన సందేశమే సోదాలో దొరకడం, చివరికి ఆ సాధనం దగ్గర ఉండడమే నేరంగా మారడం వంటివే ఎక్కువనీ తేలుతుంది.

యంత్రాలు రాకముందు కూడా ఈ ఎంపిక ఉండేది. బ్రిటిష్ ఇండియాలో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5వ సెక్షన్ తంతి వార్తలను, 1898 నాటి పోస్టాఫీసు చట్టం 26వ సెక్షన్ ఉత్తరాలను అడ్డగించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చాయి గనుక, రహస్యంగా పనిచేసే ఉద్యమాలేవీ తపాలాను నమ్మే స్థితి లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో సందేశాలు కొరియర్ల చేతుల మీదుగానే నడిచాయి. నాయకులు తలదాచుకున్న ఇళ్లను డెన్లు అనేవారు, వాటిలో మామూలు సంసారపు వాతావరణం కనబడేలా చూసుకునే భారం ఎక్కువగా స్త్రీల మీద పడింది. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ స్త్రీలు తమ అనుభవాలను స్వయంగా చెప్పారు. డెన్‌కు రక్షణ దాని గోడల్లో ఉండదు, ఇరుగుపొరుగు దానిని చూసి అనుమానపడకపోవడంలో ఉంటుంది. కాలం మారి కంప్యూటర్లు వచ్చాక ఇంజనీర్లు చాలా ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ఇదే.

కంప్యూటర్ యుగంలో ఈ చరిత్రకు సరైన ఆరంభం దక్షిణాఫ్రికాలో కనిపిస్తుంది. వర్ణవివక్ష ప్రభుత్వం 1960లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను నిషేధించిన తర్వాత ఆ సంస్థ నాయకత్వం ప్రవాసానికి వెళ్లి, కాలక్రమంలో జాంబియా రాజధాని లుసాకాను కేంద్రంగా చేసుకుంది. దేశం లోపలి కార్యకర్తలతో సంబంధం మనుషుల ద్వారా పంపే ఉత్తరాల మీద, కంటికి కనబడని సిరా మీద, పుస్తక సంకేతాల మీద ఆధారపడి నడిచేది. పుస్తక సంకేతం అంటే ఇద్దరి దగ్గరా ఉన్న ఒకే పుస్తకంలోని పుటలను, పంక్తులను, అక్షరాలను అంకెలతో సూచిస్తూ సందేశాన్ని మరుగుపరచడం. ఒక్క పుట రాయడానికి గంటలు పట్టే ఈ పనికి విసిగి కార్యకర్తలు ముక్తసరిగా రాసేవారు, కొన్నాళ్లకు రాయడమే మానేసేవారు. జవాబు వచ్చేసరికి వారాలు గడిచి, అడిగిన ప్రశ్నకు అర్థమే లేకుండా పోయేది. నిషేధిత సంస్థ నాయకత్వానికీ క్షేత్రంలోని కార్యకర్తకూ మధ్య ఏర్పడిన దూరానికి పోలీసుల తెలివి కంటే ఈ విసుగే పెద్ద కారణమని చెప్పినా అతిశయోక్తి కాదు.

ఈ లోపాన్ని లండన్‌లో కూర్చుని అధ్యయనం చేసిన వ్యక్తి టిమ్ జెంకిన్. కరపత్ర బాంబులు, అనగా పేలినప్పుడు కరపత్రాలను గాలిలోకి వెదజల్లే చిన్న సాధనాలు, అమర్చినందుకు 1978లో అరెస్టయి 12 ఏళ్ల శిక్ష పడిన అతడు, 1979 డిసెంబరులో చెక్కతో స్వయంగా చేసుకున్న తాళపుచెవులతో ప్రిటోరియా జైలు తలుపులు తెరుచుకుని మరో ఇద్దరితో పాటు తప్పించుకున్నాడు. ప్రవాసంలో, రోనీ ప్రెస్ అనే సహచరుడితో కలిసి, అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న చిన్న కంప్యూటర్లతో సంకేత రచనలోని శ్రమను తగ్గించవచ్చునా అని పరిశోధించాడు. తాళాలను లోపలి నుంచి చూసి అర్థం చేసుకున్నవాడే తాళాలు తయారుచేయడానికి పూనుకోవడం ఈ చరిత్రలోని ముచ్చటైన సంగతుల్లో ఒకటి.

వారు ఎన్నుకున్న పద్ధతి గూఢలిపి శాస్త్రంలో పాతదీ, అతి దృఢమైనదీ. సందేశంలోని ప్రతి అక్షరాన్నీ ఏ క్రమమూ లేని ఒక యాదృచ్ఛిక సంఖ్యతో కలుపుతారు. ఆ సంఖ్యల పట్టిక రెండు చివరలా మాత్రమే ఉంటుంది. ఒకసారి వాడిన సంఖ్యను మరి ఎన్నడూ వాడరు. ‘వన్ టైమ్ ప్యాడ్’ అనే ఈ విధానాన్ని సక్రమంగా పాటిస్తే ఎంతటి యంత్రమూ దానిని ఛేదించలేదని అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించాడు. దీనిలోని చిక్కల్లా సంఖ్యల పట్టికలను ముందుగా అవతలివారికి చేర్చడం, వాడినవాటిని ఎప్పటికప్పుడు నాశనం చేయడం. జెంకిన్ పట్టికలను కంప్యూటర్ డిస్కుల్లో నింపి, వాడిన భాగాన్ని ప్రోగ్రామే చెరిపివేసేలా రాశాడు. డిస్కులను, యంత్రాలను దక్షిణాఫ్రికాకు చేర్చడంలో ఒక డచ్ విమాన సంస్థలోని పరిచారిక ఒకరు తోడ్పడ్డారు.

ఆపరేషన్ వూలా అనే పేరుతో 1988లో సంస్థ నాయకులు మ్యాక్ మహారాజ్, సిఫివే న్యాండా రహస్యంగా దేశంలోకి ప్రవేశించాక ఈ వ్యవస్థ ప్రాణం పోసుకుంది. నాటాల్‌లోని భారతీయ కుటుంబంలో పుట్టిన మహారాజ్‌కు రహస్య రచనలో అనుభవం కొత్త కాదు. రాబెన్ ద్వీపపు జైలులో నెల్సన్ మండేలా రాసిన ఆత్మకథను అతి సన్నని అక్షరాలతో నకలు చేసి, 1976లో విడుదలైనప్పుడు బయటకు తెచ్చినవాడు అతడే. వూలాలో సందేశం పంపే తీరు ఇది: కార్యకర్త చిన్న తోషిబా ల్యాప్‌టాప్‌లో సందేశం టైపు చేసి, ప్రోగ్రాముతో దానిని గూఢలిపిలోకి మార్చి, మోడెమ్ సహాయంతో శబ్దంగా మలిచి మామూలు క్యాసెట్ రికార్డర్‌లో ఎక్కించుకునేవాడు. తర్వాత ఏదో ఒక వీధిలోని పబ్లిక్ ఫోన్ దగ్గరకు వెళ్లి, లండన్ నంబరు తిప్పి, రిసీవర్ దగ్గర ఆ క్యాసెట్‌ను వినిపించేవాడు. అవతల ఫోన్ ఎత్తే మనిషి ఉండడు. సందేశాలు రికార్డు చేసుకునే యంత్రం ఆ ధ్వనిని గ్రహిస్తుంది, జెంకిన్ దానిని తిరిగి అక్షరాలుగా మార్చి లుసాకాకు పంపుతాడు. జవాబు కూడా ఇదే దారిన వెనక్కి వస్తుంది. వారాల దూరం గంటల్లోకి కుదించుకుపోయింది.

ఈ ఏర్పాటులో గమనించవలసిన నేర్పు గణితంలో లేదు. ల్యాప్‌టాప్ ఇంటి నుంచి కదలదు, ఫోన్ దగ్గరకు వెళ్లే మనిషి చేతిలో ఎవరి దగ్గరైనా ఉండగల క్యాసెట్ రికార్డర్ తప్ప మరేమీ ఉండదు, ఒకే ఫోన్‌ను పదే పదే వాడవలసిన అవసరం రాదు. సందేశం రాయడం ఉత్తరం రాసినంత తేలిక అయ్యేసరికి కార్యకర్తలు వివరంగా రాయడం మొదలుపెట్టారు, నాయకత్వం వివరంగా అడగడం మొదలుపెట్టింది. విక్టర్ వెర్స్టర్ జైలులో ప్రభుత్వంతో చర్చలు జరుపుతున్న మండేలాకూ లుసాకాలోని సంస్థ అధ్యక్షుడు ఒలివర్ టాంబోకూ మధ్య మాటలు ఈ మార్గంలోనే నడిచాయి. జైలు గోడ దాటే చివరి అంచెలో మాత్రం న్యాయవాది చేతిలోని పుస్తకపు అట్ట లోపల దాచిన కాగితమే ఆధారం. సంస్థ రాజకీయ జీవితంలో అతి సున్నితమైన ఆ ఘట్టంలో ఇద్దరు నాయకులు ఒకే మాట మీద నిలవగలిగారంటే అందులో ఆ క్యాసెట్ల వంతు కొంత ఉంది.

వూలా బయటపడిన తీరు మరింత బోధపరుస్తుంది. సంస్థపై నిషేధం తొలగి మండేలా విడుదలైన తర్వాత, 1990 జులైలో, డర్బన్‌లో ఇద్దరు వూలా కార్యకర్తలు పోలీసులకు చిక్కారు. వారిని చంపివేశారని తర్వాత సత్యం, సయోధ్య కమిషన్ ముందు వెల్లడైంది. ఆ వెంటనే జరిగిన సోదాల్లో రహస్య గృహాలు, కంప్యూటర్ డిస్కులు దొరికాయి. వాటిలో విప్పిన రూపంలోనే ఉంచేసిన పత్రాలు ఉండడంతో ప్రభుత్వానికి గూఢలిపితో తలపడే అవసరమే రాలేదు. టొంగాట్ పట్టణంలో ఆ ఏడాది జరిగిన, సంస్థకు మిత్రపక్షమైన కమ్యూనిస్టు పార్టీ సమావేశపు వివరాలు కూడా అలాగే బయటికి వచ్చాయి. నిషేధం తొలగిందన్న ధీమాలో జాగ్రత్త సడలిందని తర్వాత విమర్శ వచ్చింది. ఆ విమర్శలో నిజం ఉన్నా, రెండేళ్లపాటు నిత్యం భయంలో పనిచేసే మనుషుల నుంచి చివరి రోజు దాకా తొలిరోజు శ్రద్ధను ఆశించే వ్యవస్థ తానే ఒక లోపాన్ని మోస్తున్నదని కూడా గుర్తించాలి.

వూలా వ్యవస్థను ఒక చిన్న బృందం తన కోసం తానే చేసుకున్నది. తయారుచేసినవారికి వాడేవారి ముఖాలు తెలుసు, వాడేవారికి తయారుచేసినవారి మీద నమ్మకం ఉంది. 1991లో ఈ పరిస్థితి మారింది. అమెరికాలో అణ్వస్త్ర వ్యతిరేక ఉద్యమంతో సంబంధమున్న ఫిల్ జిమ్మర్‌మాన్ అనే ప్రోగ్రామర్ ‘ప్రెటీ గుడ్ ప్రైవసీ’, సంక్షిప్తంగా పీజీపీ, అనే ప్రోగ్రామును రాసి ఉచితంగా విడుదల చేశాడు. దీనికి మూలం 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మాన్ ప్రతిపాదించిన బహిరంగ కీ విధానం: ప్రతి వ్యక్తికీ రెండు కీలు ఉంటాయి, ఒకటి లోకమంతటికీ తెలియవచ్చు, దానితో సందేశాన్ని మూయవచ్చు, రెండోది యజమాని దగ్గర మాత్రమే ఉంటుంది, దానితో తప్ప ఆ సందేశం తెరుచుకోదు. వూలాను ఇబ్బందిపెట్టిన డిస్కుల రవాణా దీనితో అనవసరమైంది. గూఢలిపి సాధనాలను ఆయుధాల జాబితాలో చేర్చిన అమెరికా చట్టం కింద జిమ్మర్‌మాన్‌పై 1993లో మొదలైన నేర విచారణను ప్రభుత్వం 1996 జనవరిలో విరమించుకుంది. ఈలోగా పీజీపీ దేశదేశాలకు పాకి, గ్వాటెమాలా వంటి చోట్ల ఊచకోతల సాక్ష్యాలను సేకరించే సంస్థల చేతికి చేరింది.

ఆ చేతుల్లో అది ఎంతమేరకు ఇమిడిందన్నది వేరే ప్రశ్న. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ అనే ఇద్దరు పరిశోధకులు చదువుకున్న, ఈమెయిల్ వాడుక తెలిసిన 12 మందికి పీజీపీ ఇచ్చి, తొంభై నిమిషాల్లో ఒక రహస్య సందేశాన్ని పంపమన్నారు; సరిగా పంపగలిగినవారు మూడో వంతు మాత్రమే, ముగ్గురైతే రహస్యాన్ని గూఢలిపి లేకుండానే పంపేశారు. గ్వాటెమాలా పల్లెలో సాక్ష్యం రాసుకునే కార్యకర్తకు ఆ తొంభై నిమిషాల తీరిక, తప్పు చేసే వెసులుబాటు ఉండవు. పుస్తక సంకేతాన్ని చంపిన విసుగే పీజీపీని కూడా నిపుణుల సాధనంగా మిగిల్చింది. ఇరవై ఏళ్ల పాటు నిపుణులు ఈ వైఫల్యాన్ని వాడుకరుల అలసత్వంగా చూపుతూ వచ్చారు. ఆ నింద న్యాయమైనది కాదు.

కష్టమైన పనిని మీ బదులు మేమే చేసిపెడతామన్న సంస్థలు ఈ సందులోకి ప్రవేశించాయి. కెనడాకు చెందిన హష్‌మెయిల్ వాడుకరుల కీలను తన సర్వర్లలోనే నిర్వహించే సౌకర్యాన్ని కల్పించింది. కోర్టు ఉత్తర్వు మేరకు అది మెయిళ్లను విప్పి, 12 సీడీల్లో అధికారులకు అప్పగించినట్లు 2007లో బయటపడింది. మరుసటి ఏడాది టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్, చైనాలో స్కైప్ స్థానిక భాగస్వామి సంస్థ టామ్ అందించిన రూపం సున్నితమైన పదాలున్న సందేశాలను నమోదు చేసి సర్వర్లలో భద్రపరుస్తున్నట్లు బయటపెట్టింది. స్కైప్ సురక్షితమని విని దానిని ఎంచుకున్న చైనా వాడుకరి చేతికి వచ్చింది ఆ పేరుతోనే ఉన్న మరో వస్తువు. 2009 ఎన్నికల అనంతర నిరసనల సమయంలో ఇరానీయుల కోసమంటూ అమెరికాలో తయారైన, సెన్సార్‌ను తప్పించే హేస్టాక్ ప్రోగ్రాము కథ ఇంకా విచారకరం: పత్రికలు కీర్తించాయి, అమెరికా ప్రభుత్వం ఎగుమతి అనుమతి ఇచ్చింది, దాని లోపలి నిర్మాణాన్ని మాత్రం బయటి నిపుణులెవరూ చూడలేదు. 2010 సెప్టెంబరులో చూసినవారు వాడుకరులను ప్రమాదంలోకి నెట్టే లోపాలున్నాయని చెప్పడంతో దానిని హడావుడిగా ఆపేశారు. కీ తప్ప మిగిలిన విధానమంతా శత్రువుకు తెలిసినా వ్యవస్థ నిలబడాలని డచ్ భాషావేత్త ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే చెప్పిన సూత్రాన్ని హేస్టాక్ పక్కన పెట్టింది. ఆ తర్వాత నుంచి సలహాదారులు ఏ యాప్ గురించైనా మొదట అడిగే ప్రశ్న దాని సోర్స్ కోడ్, అనగా ప్రోగ్రాము మూలపాఠం, అందరి పరీక్షకూ తెరిచి ఉందా లేదా అన్నది.

ఇంకోవైపు గణితం నెమ్మదిగా మనుషుల అలవాట్ల దగ్గరకు వచ్చింది. 2004లో నికితా బోరిసోవ్, ఇయన్ గోల్డ్‌బర్గ్, ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించిన ‘ఆఫ్ ద రికార్డ్’ విధానం కీలను తరచూ మార్చి పాతవాటిని పారేయడం వల్ల, ఈరోజు కంప్యూటర్ పట్టుబడినా నిన్న దారిలో పట్టి దాచుకున్న సంభాషణను విప్పడం సాధ్యం కాకుండా చేసింది. ఈ ఆలోచనను మొబైల్ ఫోన్లకు తెచ్చినవారిలో ముఖ్యుడు మాక్సీ మార్లిన్‌స్పైక్. అతడి బృందం 2010లో విడుదల చేసిన టెక్స్ట్‌సెక్యూర్, రెడ్‌ఫోన్ యాప్‌లు 2014, 2015 సంవత్సరాల్లో సిగ్నల్ అనే ఒకే యాప్‌గా రూపొందాయి. వాడుకరి కీల గురించి ఆలోచించనక్కరలేదు, నేర్చుకోవలసిన కొత్త పద్ధతి లేదు. మామూలు ఎస్ఎంఎస్ పంపినట్లే పంపితే పంపినవారి ఫోన్‌లో మూసుకున్న సందేశం అందుకున్నవారి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, మధ్యనున్న కంపెనీ కూడా చదవలేదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అని వాడుకలో ఉన్న మాటకు ఇదే అర్థం. అదే విధానాన్ని వాట్సాప్ 2016 ఏప్రిల్ నాటికి తన వంద కోట్లకు పైబడిన వాడుకరులందరికీ పూర్తిగా అమలుచేయడంతో, అప్పటిదాకా కొద్దిమంది విద్యగా ఉన్నది పాలవాడికి లెక్క పంపే మనిషికి కూడా తెలియకుండానే అందింది. ఈ విస్తరణలో ఒక రక్షణ దాగి ఉంది: అందరూ వాడేదానిని వాడడం ఎవరిమీదా అనుమానం రేపదు.

అయితే సందేశం లోపలి మాట ఒకటి, దాని చుట్టూ మిగిలే ఆనవాళ్లు మరొకటి. ఎవరు, ఎవరికి, ఏ వేళ, ఎన్నిసార్లు రాశారన్న వివరాలను మెటాడేటా అంటారు. ఉత్తరం విప్పకుండానే కవరు మీది చిరునామాలు, ముద్రలు చెప్పే కథ అది. 2016లో అమెరికాలోని ఒక గ్రాండ్ జ్యూరీ సిగ్నల్‌ను వాడుకరి వివరాలు అడిగినప్పుడు, ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి సర్వర్‌ను తాకిన తేదీ తప్ప ఆ సంస్థ దగ్గర ఇవ్వదగినదేమీ లేకపోయింది. దాచుకోనిదానిని ఎవరూ గుంజుకోలేరన్న ఈ నిర్మాణ సూత్రాన్ని అన్ని యాప్‌లూ పాటించలేదు. రహస్య యాప్‌గా పేరు తెచ్చుకున్న టెలిగ్రామ్‌లో ప్రత్యేకంగా ఎంచుకున్న ఇద్దరి మధ్య సంభాషణలకు తప్ప గ్రూపులకు ఎండ్ టు ఎండ్ రక్షణ లేదు. 2019 హాంకాంగ్ నిరసనల్లో లక్షల మంది ఆ గ్రూపుల మీదే ఆధారపడ్డారు. ఎవరైనా ఫోన్ నంబర్లను వరుసగా తమ చిరునామా పుస్తకంలో నింపి, గ్రూపులోని మారుపేరు వెనక ఉన్న నంబరును కనిపెట్టవచ్చునని ఆ ఆగస్టులో స్థానిక ఇంజనీర్లు హెచ్చరించాక గాని సంస్థ దిద్దుబాటుకు పూనుకోలేదు. ఫోన్ నంబరే గుర్తింపుగా ఉండడమనే లోపం సిగ్నల్‌కు కూడా చాలాకాలం ఉంది. నంబరు చూపకుండా యూజర్‌నేమ్‌తో పలకరించే వీలు 2024 ఫిబ్రవరిలో గాని రాలేదు.

ఏ యాప్ వాడాలన్న ప్రశ్నకు ఒకే పట్టికలో జవాబు చెప్పే ప్రయత్నం కూడా జరిగింది. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2014 నవంబరులో ఏడు ప్రమాణాలతో పదుల కొద్దీ యాప్‌లకు టిక్కులు వేస్తూ ఒక మార్కుల పట్టికను ప్రచురించింది. అది విస్తృతంగా ప్రచారం పొంది కంపెనీలను కొంత దారికి తెచ్చింది గాని, ఎక్కువ టిక్కులున్న యాప్ అందరికీ క్షేమమన్న భ్రమను కూడా కలిగించింది. కొన్నేళ్లకు దానిని ఉపసంహరించిన ఆ సంస్థ, అందరికీ పనికొచ్చే ఒకే సిఫారసును ఎందుకు ఇవ్వలేమో వివరిస్తూ 2018లో వ్యాసాలు ప్రచురించింది. ఎవరి నుంచి, దేనిని, ఏ పరిస్థితిలో కాపాడుకోవాలన్న లెక్కను ముందు వేసుకోవాలని, ఈ లెక్కకు ముప్పు అంచనా అని పేరనీ సలహాదారులు చెప్పసాగారు. తెలంగాణ డెన్లు నడిపిన స్త్రీలు పేరు పెట్టకుండానే వేసుకున్న లెక్క అది.

ఆ లెక్క ఎంత క్రూరంగా తలకిందులు కాగలదో తుర్కియే చూపించింది. అక్కడ 2014 నుంచి సాధారణ యాప్ దుకాణాల్లో దొరికిన బైలాక్ అనే సందేశ యాప్‌ను గులెన్ అనే మతబోధకుడి అనుచర వర్గం తన రహస్య సంభాషణలకు వాడిందని ప్రభుత్వం ఆరోపించింది. 2016 జులైలో సైనిక కుట్ర విఫలమయ్యాక ఆ యాప్ వాడారన్న గుర్తింపే ఉగ్రవాద సంస్థ సభ్యత్వానికి రుజువుగా మారి, వేలాదిమంది ఉపాధ్యాయులు, న్యాయమూర్తులు, ఉద్యోగులు జైలు పాలయ్యారు. యాప్ గూఢలిపి ఎంత గట్టిదన్న ప్రశ్న అక్కడ ఎవరికీ అవసరం లేకపోయింది. 11,480 నంబర్లు మరో యాప్‌లో దాచిన కోడ్ వల్ల తమకు తెలియకుండానే బైలాక్ సర్వర్ వైపు మళ్లాయని 2017 డిసెంబరులో అంకారా ప్రాసిక్యూటర్ స్వయంగా ప్రకటించాడు. ఒక ఉపాధ్యాయుడి కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2023 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పు, యాప్ వాడకం నుంచి నేరుగా నేరాన్ని ఊహించడం చట్టబద్ధత సూత్రానికి విరుద్ధమని చెప్పింది. అప్పటికి అటువంటివే సుమారు 8,500 పిటిషన్లు ఆ కోర్టులో ఎదురుచూస్తున్నాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో పోలీసులు వాడే నిఘా యాప్‌ను విప్పి చూసిన హ్యూమన్ రైట్స్ వాచ్, వాట్సాప్, వీపీఎన్‌లతో కలిపి 51 నెట్‌వర్క్ సాధనాలు అందులో అనుమానాస్పదాల జాబితాలో ఉన్నాయని 2019లో వెల్లడించింది. కైరోలో 2017 నాటి సంగీత కచేరీలో ఇంద్రధనుస్సు జెండా ఎగిరిన తర్వాత స్వలింగ సంపర్కులుగా అనుమానించి పట్టుకున్నవారి ఫోన్లలోని సంభాషణలే కోర్టుల్లో సాక్ష్యాలయ్యాయి. ఇటువంటి చోట్ల, నిర్ణీత గడువు తర్వాత సందేశం తనంతట తాను చెరిగిపోయే ఏర్పాటు, అత్యుత్తమ గూఢలిపి కంటే ఎక్కువ మందిని కాపాడుతుంది.

భారతదేశంలో ఈ చరిత్ర కోర్టుల మీదుగా నడిచింది. ఫోన్ల మీద చాటుగా చెవివేయడం వ్యక్తి ఏకాంతంలోకి తీవ్రమైన చొరబాటని సుప్రీంకోర్టు 1996లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో పేర్కొని నియమాలు విధించింది. జస్టిస్ పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అయితే 2019లో పెగాసస్ అనే గూఢచర్య సాఫ్ట్‌వేర్ వాట్సాప్ కాల్ రూపంలో సుమారు 1,400 ఫోన్లలోకి ప్రవేశించినప్పుడు, బాధితుల్లో భారతీయ న్యాయవాదులు, ఉద్యమకారులు కూడా ఉన్నారు. సందేశం దారిలో ఎంత భద్రంగా ఉన్నా, ఫోన్ తెర మీద విప్పుకున్న క్షణంలో చదివే దొంగ ముందు ఆ భద్రత పనిచేయలేదు. 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నియమాల్లోని 4(2) నిబంధన 50 లక్షలకు మించిన వాడుకరులున్న సందేశ సేవలు, ఉత్తర్వు వచ్చినప్పుడు, సందేశాన్ని మొదట పుట్టించినవారిని చూపించాలని కోరగా, అది ఎండ్ టు ఎండ్ రక్షణకు పొసగదంటూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. జమ్మూ కశ్మీర్‌లో ఉగ్రవాదుల వాడకాన్ని కారణంగా చూపుతూ 2023 మేలో కేంద్రం 14 సందేశ యాప్‌లను నిరోధించినప్పుడు, సోర్స్ కోడ్ తెరిచి ఉంచిన బ్రయర్, ఎలిమెంట్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఇంటర్నెట్ ఆగినా దగ్గరి ఫోన్ల మధ్య నడిచేలా రూపొందినది బ్రయర్. ఇంటర్నెట్ నిలుపుదలలు తరచైన దేశంలో అటువంటి సాధనం అవసరం ఎవరికి ఎక్కువో చెప్పనక్కరలేదు.

చట్టం, ప్రభుత్వం, విదేశీ సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరిగే ఈ చర్చల్లో ఇల్లు తరచూ మరుగున పడుతుంది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన ఫోన్ మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి విడాకుల వ్యాజ్యంలో సాక్ష్యంగా వాడబోయిన భర్త చర్య చట్టవిరుద్ధమని, ఆమె ఏకాంత హక్కుకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2008 నాటి తీర్పుల సంపుటాలకెక్కిన ఒక కేసులో స్పష్టం చేసింది. సిగ్నల్ అయినా వాట్సాప్ అయినా అటువంటి ఇంట్లో ఒకే స్థితిలో ఉంటాయి: ఫోన్ పాస్‌వర్డ్ భర్తకు తెలుసు, కొత్త యాప్ కనబడితే సంజాయిషీ అడుగుతాడు, చెరిగిపోయే సందేశాల గుర్తు కనబడితే అదే కొత్త గొడవకు మొదలవుతుంది. వాట్సాప్, సిగ్నల్ రెండింటిలోనూ ఉన్న ‘లింక్డ్ డివైసెస్’ ఏర్పాటు, ఒకసారి ఫోన్ చేతికి చిక్కితే చాలు, సంభాషణలన్నిటినీ మరో కంప్యూటర్‌లో చూసే వీలును అటువంటి భర్తకు కల్పిస్తుంది. గృహహింస బాధితులకు సలహాలిచ్చే సంస్థలు అందుకే యాప్ పేరుకు ముందు ఆ ఫోన్‌ను ఇంకెవరు తెరుస్తారని అడుగుతాయి. చాలాసార్లు వారి సిఫారసు పొరుగింటి ఫోనో, పనిచేసే చోటి ఫోనో, అక్కచెల్లెళ్లలో ఒకరి ఫోనో అవుతుంది.